మెతుకు దాటని అంచు

అలియాబాద్‌లో మజీదా ఖాలా తెలియనివాళ్లు లేరు. ఇంటర్నెట్‌లో మాత్రం ఆమె సరుకును నెల రోజుల్లో పదకొండుసార్లే తెరిచి చూశారు. ఆ పదకొండులో ఆరు నావే.

నా పేరు బాలేష్. మేడ్చల్ దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రెండో సంవత్సరం దాకా చదివి మానేశాను. ఎందుకు మానేశావని అడిగేవాళ్లకు నా దగ్గర ఒకటే జవాబు ఉంది: కూర్చోలేకపోయాను. తర్వాత కొరియర్ సంచి మోశాను. పెళ్లిళ్లలో డ్రోన్ ఎగరేశాను. అది ఒక పెళ్లిలో షామియానాకు చుట్టుకుని పెళ్లికొడుకు మేనమామ నెత్తిన పడ్డాక ఆ పనీ పోయింది. ఇప్పుడు శామీర్‌పేటలో పని కోసం ఒక గది తీసుకుని, చుట్టుపక్కల ఊళ్లలో చిన్న సరుకులు తయారుచేసేవాళ్ల వస్తువులను ఆన్‌లైన్ అంగట్లో పెడుతున్నాను. ఫొటో తీయడం, పేరు పెట్టడం, వివరాలు రాయడం, ఆర్డరొస్తే పార్సిల్ పంపడం నా పని. నా గొడవ ఇంతకంటే అక్కర్లేదు. నేను చేసిన తప్పు లేకుండా ఖాలా సంగతి చెప్పలేను కాబట్టి ఈ మాత్రం చెప్పాను.

ఖాలా అంటే పిన్ని; ఊరంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ఆమెకు యాభై నాలుగేళ్లు. దస్తర్‌ఖాన్‌లు కుడుతుంది. నేల మీద పరిచి, పళ్లేలూ గిన్నెలూ దాని మీద పెట్టి, చుట్టూ కూర్చుని తినే గుడ్డను దస్తర్‌ఖాన్ అంటారు. ఆమె కుట్టేవి రెండు పొరల నూలువి. అందరూ కుట్టే వాటికీ ఆమె కుట్టే వాటికీ అంచు దగ్గర తేడా. గుడ్డపీలికలను వేలి మందాన చుట్టచుట్టి, చుట్టూ అంచులో పెట్టి కుట్టేస్తుంది. పొలం గట్టులాగా లేచి ఉంటుంది. మెతుకు దొర్లినా గట్టు దాటదు. ఈ తెలివి ఎక్కడిదని అడిగితే భర్త వైపు చూపిస్తుంది.

"గాయన తిన్నంక నేల జూస్తె కోళ్లకు గింజలు జల్లినట్టుంటుండె. పెండ్లయిన మూడో దినం కుట్టిన గీ అంచు."

భర్త రషీద్ చాచా పాలకూర, కొత్తిమీర పండిస్తాడు. కోపం రాదు, మాట మారదు. అలాంటి మనిషితోనే కష్టం.

ఇరవై ఏళ్లు ఖాలా మూట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మింది. మేడ్చల్, రావల్కోల్, కుత్బుల్లాపూర్ కార్మికుల కాలనీలు, ఆమె ఎక్కని మెట్టు లేదు. తర్వాత మీటర్ల లెక్కన కోసిచ్చే పూల ప్లాస్టిక్ షీట్లు వచ్చాయి. కాలనీలకు గేట్లు వచ్చాయి. గేట్లకు కాపలావాళ్లు వచ్చారు. మూట దిగిపోయింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు మిషన్లు మిగిలాయి. ఒకదాని మీద ఖాలా, ఇంకోదాని మీద ఆమెకు తోడుగా కుట్టే బుచ్చమ్మ. ట్రంకుపెట్టెలో ఇరవై దస్తర్‌ఖాన్‌లు మడతల మీద ఉన్నాయి.

ఆ షెడ్డు మీద కోళ్ల దాణా సేటు కన్ను పడింది. బస్తాలు పెట్టుకోవడానికి అద్దెకు అడిగాడు. అదే సమయంలో మందుగోళీల కంపెనీ ఒకటి ప్యాకింగ్ పనికి ఆడవాళ్లను తీసుకుంటోంది. పొద్దున్నే అలియాబాద్ చౌరస్తాకు బస్సు వస్తుంది.

"ఆన్‌లైన్ దుకాణం పెట్టి రెండు నెల్లాయె. ఈగలు గూడ వస్తలేవు," అన్నాడు రషీద్ చాచా ఒక మధ్యాహ్నం, నా ముందే. "ఒకటో తారీఖు దాక జూస్త. గప్పటికి నడవకుంటె షెడ్డు సేటుకు, నువ్వు బస్సుకు. సేటుకు మాటిచ్చిన."

"నా మోకాలు ఎన్మిది గంటలు నిలబడదని గా కంపెనీకి నువ్వు జెప్తవా రషీద్‌భాయ్?" అంది బుచ్చమ్మ మిషన్ ఆపకుండా.

ఆమె నవ్వుతూనే అంది కానీ సంగతి అదే. షెడ్డు పోతే ఖాలాకు బస్సయినా ఉంది. బుచ్చమ్మకు అదీ లేదు.

ఖాలా నా వైపు తిరిగింది. "ఏంరా బాలేషూ. దినాలు ఎన్నున్నయి?"

"ముప్పై ఎనిమిది, ఖాలా."

"మరి నా మొఖం జూస్తవేంది? ఫోన్ జూడు."

చూశాను. దుకాణంలో ఆ గుడ్డకు నేను పెట్టిన పేరు ఇలా ఉంది: 'ప్రీమియం రాయల్ హెరిటేజ్ దస్తర్‌ఖాన్, నవాబీ కలెక్షన్'. నవాబులెవరూ ఫోన్లో గుడ్డలు వెతకరు. ఆ తెలివి అప్పటికి నాకు రాలేదు.

ఆ అంగడి యాప్ అమ్మేవాళ్లకు ఒక పట్టిక ఇస్తుంది. జనం వెతికే పెట్టెలో ఏ మాటలు కొట్టారు, ఎంతమంది కొట్టారు, మన వస్తువు వాళ్లకు కనబడిందా లేదా అన్నీ అందులో ఉంటాయి. వేల వరుసలు. నేను ఎక్కువమంది కొట్టిన మాటలు పైకి వచ్చేట్టు పేర్చి, యాభై మందికి తక్కువున్న వరుసలన్నీ కనబడకుండా కొట్టేశాను. అవి చెత్త అనుకున్నాను. పైన మెరుస్తున్న మాట 'వాటర్‌ప్రూఫ్'. వాటర్‌ప్రూఫ్ మ్యాట్, వాటర్‌ప్రూఫ్ షీట్, వాటర్‌ప్రూఫ్ క్లాత్. ఇంతమంది అడుగుతున్న మాట మన పేరులో లేకపోవడమే జబ్బు అని తేల్చేసి, ముందు ఆ మాటే పెట్టాను. ఖాలాను అడగలేదు. మూట మోసిన మనిషికి పట్టికల సంగతి ఏం తెలుస్తుందనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, అయినా అలాగే అనుకున్నాను.

వారంలో పద్నాలుగు ఆర్డర్లు వచ్చాయి.

షెడ్డులో పండగే. ఖాలా కీమా వండింది. బుచ్చమ్మ తన మిషన్‌కు బొట్టు పెట్టింది. రషీద్ చాచా కూడా "మంచిగుంది" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం అంటే ఊరేగింపు తీసినట్టు.

ఇంకో వారానికి పద్నాలుగులో తొమ్మిది వెనక్కి వచ్చాయి. ఒకాయన దాన్ని పరుపు మీద పరుచుకుని సాంబారన్నం తిన్నాడట, సాంబారు పరుపులోకి దిగిందట. ఇంకొకరు వానకు బండి మీద కప్పారట. 'మోసం' అని ఒకరు, 'పచ్చి మోసం' అని ఇంకొకరు రాశారు. తిరిగొచ్చేవి తగ్గకపోతే ఈ పేజీ మూసేస్తామని యాప్ నుంచి నోటీసు కూడా వచ్చింది. ఒకటో తారీఖుకు ఇంకా ఇరవై రెండు రోజులు.

నోటీసు పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. ఖాలా అంతా విన్నది. వెనక్కి వచ్చిన వాటిలో ఒకటి విప్పి, స్టూలు మీద కూర్చున్న నా ఒళ్లో పరిచింది. కుండ దగ్గరికి వెళ్లి చెంబు ముంచుకొచ్చి మొత్తం నా మీద పోసింది.

"ఎట్లుంది బేటా?"

"తడిసింది, ఖాలా."

"ప్యాంటు?"

"ప్యాంటు గూడ."

"మరి గా ఫోన్ల ఏమని రాసినవ్?"

బుచ్చమ్మ నవ్వు ఆపుకోలేక మిషన్ మీద తల పెట్టేసింది. ఖాలా మాత్రం నవ్వలేదు. "ఇరవై ఏండ్లు తిరిగిన. ఒక్క తలుపు నా మొఖం మీద మూసుకోలె. నువ్వు పదిహేను దినాలల్ల తొమ్మిది మూపిచ్చినవ్."

వెనక్కి వచ్చిన పార్సిళ్లలో ఒకదానిలో చీటీ ఉంది. గుండ్రటి తెలుగు అక్షరాలతో ఇలా రాసి ఉంది: 'గుడ్డ చాలా బాగుంది. రాసిందే అబద్ధం. నిజం రాస్తే మళ్లీ కొంటాను. సుప్రజ.' కింద ఫోన్ నంబరు.

"ఫోన్ గొట్టు," అంది ఖాలా.

"ఎందుకు ఖాలా, తిడుతరు."

"తిట్టేటోళ్లు నంబరియ్యరు. తిట్టి పెట్టేస్తరు. గొట్టు."

మర్నాడు నా బండి మీద మేడ్చల్ అవతల ఒక కొత్త కాలనీకి వెళ్లాం. ఖాలా ఒళ్లో ఆ గుడ్డే, ఉతికి మడతపెట్టి. సుప్రజ గారు గేటుకు ముందే చెప్పి ఉంచడంతో కాపలా అతను లేచి దారిచ్చాడు. ఖాలా అతనికి సలాం పెట్టి మరీ లోపలికి నడిచింది.

సుప్రజ గారిది కాకినాడ వైపు. ఇంట్లోంచే కంపెనీ పని చేస్తుంది. తలుపు తీసింది మాత్రం వాళ్ల అత్తగారు అమ్మాజీ గారు.

"రండమ్మా, లోపలికి రండి. నువ్వేనా బాబూ వాటర్‌ప్రూఫ్ అని రాసింది? కాలేజీలో ఇదే నేర్పారా?"

"కాలేజీ మధ్యలో మానేసిన్నండీ."

"అదీ సంగతి. అబద్ధాల పాఠం అయిపోయాక మానేసుంటావు."

ఖాలా అప్పుడు నవ్వింది. రెండు రోజుల్లో మొదటిసారి.

సుప్రజ గారు మంచినీళ్లు తెచ్చి ఎదురుగా కూర్చుంది. "మా సహస్రకి మూడేళ్లండీ. డైనింగ్ టేబుల్ ఎక్కదు. అత్తయ్యగారు కిందే కూర్చుని తింటారు, ఇది ఆవిడ పక్కనే చేరుతుంది. తినేది గుప్పెడు, చల్లేది దోసెడు. ఒకపక్క ఆఫీసు ఫోను, ఇంకోపక్క నేల మీద మెతుకులేరుకోవడం నా పని. మీ గుడ్డ వేసిన రెండ్రోజులూ ఒక్క మెతుకు బయటికి రాలేదండీ."

"మరి ఎందుకు వాపస్ పంపినవ్ బిడ్డా?"

"మూడోరోజు గ్లాసుడు నీళ్లు ఒంపేసింది. కిందికి దిగిపోయాయి. వాటర్‌ప్రూఫ్ అని రాశారు కదా, ఒళ్లు మండింది."

"మండాలె మరి. నాకే మండింది," అంటూ ఖాలా నా వైపు చూసింది.

"అసలు నేను అడిగింది వాటర్‌ప్రూఫ్ కాదమ్మా," అంది అమ్మాజీ గారు. "ఈ ఫోను నా మాట వింటేగా. ఉండండి, మీకే చూపిస్తాను." ఆవిడకు టైపు కొట్టడం రాదు. ఫోనుకు చెవుడున్నట్టు నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది: "నేల మీద కూర్చుని అన్నం తినేటప్పుడు కింద పరుచుకునే గుడ్డ కావాలి."

ఫోను యోగా చాపలు చూపించింది. తర్వాత ఇస్త్రీ దుప్పటి. తర్వాత కాళ్లు తుడుచుకునే పట్టా.

"చూశారా? గుమ్మంలో పరిచేదాని మీద అన్నం తినమంటోంది."

మా పేజీ ఎక్కడా లేదు. ఎందుకుంటుంది? నేను రాసిన దాంట్లో నేల లేదు, అన్నం లేదు, కూర్చోవడం లేదు. నవాబు ఉన్నాడు.

నేను చెత్త అని కొట్టేసిన వరుసలు గుర్తొచ్చాయి. అన్నీ ఇలాంటివే. ఒకరో ఇద్దరో, ఐదుగురో, ఫోను దగ్గర పెట్టుకుని తమ బాధ మొత్తం చెప్పుకున్న మాటలు. ఆ సంగతి దారిలో ఖాలాకు చెప్పాను. బండి ఆపమంది. లాల్‌గడి మలక్‌పేట దాటాక రోడ్డు పక్కన ఆపాను.

"గవి నువ్వు తీసేసినవా?"

"దాచిన, ఖాలా. తియ్యలే."

"పద. జల్దీ పద."

షెడ్డులో చాప మీద కూర్చున్నాం. నేను కింది నుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. ఖాలా తన ఓఢ్నీ కొంగు చేతిలోకి తీసుకుంది. మూట మోసే రోజుల్లో ఆమెకు ఒక అలవాటుండేది. ఇంటావిడ ఏదైనా అడిగితే కొంగున ఒక ముడి వేసేది. సాయంత్రం ఇంటికొచ్చి ఒక్కో ముడీ విప్పుతూ ఏ ఇల్లు, ఏం అడిగింది గుర్తుచేసుకుని మర్నాటి మూట కట్టేది. కుడి కొంగు మూటలో ఉన్నవాటికి, ఎడమ కొంగు కొత్తగా కుట్టాల్సినవాటికి.

"'పిల్లలు అన్నం చల్లితే కింద వేసే గుడ్డ,'" చదివాను. "ముగ్గురు."

కుడి కొంగున ముడి.

"'ప్లాస్టిక్ కాని భోజనం షీటు.' తొమ్మిది మంది."

ముడి.

"'వాటర్‌ప్రూఫ్...' రెండు వేల నాలుగు వందలు."

"దాన్ని ఇడువు."

"ఖాలా, రెండు వేల మంది..."

"బేటా, కాలనీల రెండు వేల మంది చేపలడుగుతరు. నా మూటల చేపలున్నయా? ఎందరడిగిండ్రని గాదు. నా మూటల ఉన్నది ఎవ్వలడిగిండ్రు? గదీ సూడు."

రెండేళ్ల ఇంజనీరింగ్‌లో ఇంత పొట్టి పాఠం నాకెవరూ చెప్పలేదు.

"'కింద కూర్చొని నలుగురు తినే క్లాత్.' ఏడుగురు. 'మెతుకులు బయటికి పోకుండా అంచు ఉన్న మ్యాట్.' ఇద్దరు."

బుచ్చమ్మ మిషన్ ఆగింది. "అక్కా, గిది మనదే గదా!"

"మనదే," అంది ఖాలా. ముడి వేస్తూ నన్ను చూసింది. "అంచు సంగతి ఫోన్ల రాసినవా?"

రాయలేదు. ముప్పై ఏళ్లుగా ఆమె చేతిలో ఉన్న గొప్పతనం అదొక్కటే, అదొక్కటే నేను రాయలేదు. ఫొటోలో కూడా అంచు మీద ప్లాస్టిక్ గులాబీలు పెట్టాను.

సాయంత్రానికి కుడి కొంగున ముళ్లకు చోటు చాల్లేదు. ఎడమ కొంగున రెండే: 'గుండ్రటిది', 'మెషీన్‌లో ఉతికేది'. గుండ్రటిది తర్వాత చూద్దామంది. రెండోది రాసేయొచ్చు కదా, నూలే కదా అన్నాను. ఆమె చెంబు వైపు చూసింది.

మా ఇంట్లో మా అమ్మ వాషింగ్ మెషీన్‌లో ఐదుసార్లు ఉతికించాం. "దుకాణం నడిపేది నువ్వా, నేనా?" అని మా అమ్మ అరిచింది. రంగు పోలేదు, అంచు చెక్కుచెదరలేదు, కానీ గుడ్డ నాలుగు వేళ్లు కుంచించుకుపోయింది. అప్పుడు ఖాలా ట్రంకుపెట్టెలో ఉన్నవన్నీ తీసి తడిపి ఆరేసి, అంచుల దగ్గర ముడతలు పడ్డవి విప్పి మళ్లీ కుట్టింది. కొత్త గుడ్డను ముందు తడిపి, ఆ తర్వాతే కోయడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు పోయాయి. నేను రోజులు లెక్కపెడుతుంటే ఆమె కుట్లు లెక్కపెట్టింది.

కొత్త పేరు జనం మాటల్లోనే రాశాను: 'నేల మీద కూర్చుని నలుగురు అన్నం తినే నూలు గుడ్డ. మెతుకులు దాటని లావు అంచు. ప్లాస్టిక్ కాదు, మెషీన్‌లో ఉతకొచ్చు. దస్తర్‌ఖాన్.' అసలు పేరు చివర ఉండి తీరాలని ఖాలా పట్టుబట్టింది. "తెల్వనోళ్లకు సమజైనంక పేరు గూడ తెల్వాలె గదా." సుప్రజ గారిని అడిగి, సహస్ర చేతులు మాత్రమే కనబడేట్టు కొత్త ఫొటో తీశాను. పప్పన్నం యుద్ధం జరిగినట్టుంది, అంతా గట్టుకు ఇవతలే.

వివరాల్లో మొదటి వాక్యం దగ్గర మళ్లీ తగువు. 'నీళ్లు పోస్తే కిందికి దిగుతాయి' అని ముందే రాయమంది.

"ఎవరన్నా తన సరుకు లోపం తనే ముందుగాల రాస్తరా, ఖాలా?"

"ఒకసారి కొన్నామె మల్ల తలుపు తియ్యాలె బేటా. రాయ్."

రాశాను. నాలుగు రోజులు ఏమీ లేదు. ఐదో రోజు రెండు. తర్వాత ఒకటి. మళ్లీ మూడు. వాటర్‌ప్రూఫ్ అప్పటి ఉరుకు లేదు, కానీ వెళ్లింది వెళ్లినట్టే ఉంది. ఒక్కటీ తిరిగి రాలేదు. సుప్రజ గారు అన్న మాట ప్రకారం రెండు కొంది. అమ్మాజీ గారు కాకినాడలో చెల్లెలికి ఒకటి పంపించింది. ఇరవై ఎనిమిదో తేదీన యాప్ ఆ నోటీసును తీసేసింది. ముప్పయ్యో తేదీకి ట్రంకుపెట్టె అడుగు కనబడింది. ఇంకా పదకొండు కుట్టాలి.

రషీద్ చాచా ఈ సంగతులన్నీ చూస్తూనే ఉన్నాడు. సేటుకు ఇచ్చిన మాట అలాగే ఉంది.

ఒకటో తారీఖు పొద్దున నేను వెళ్లేసరికి చౌరస్తాలో కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. షెడ్డు ముందు దాణా బస్తాలతో సేటు ట్రాలీ ఆటో ఆగి ఉంది. లోపల రెండు మిషన్లూ నడుస్తున్నాయి. ఖాలా తల ఎత్తలేదు. బుచ్చమ్మ మాత్రం ఎత్తింది.

"ఏం సేటూ, కోళ్లకు గూడ దస్తర్‌ఖాన్ గావాల్నా?"

సేటు ఆమెను పట్టించుకోకుండా రషీద్ చాచా వైపు చూశాడు. "భాయ్, ఒకటో తారీఖు అన్నవ్."

చాచా కొత్తిమీర కట్టలు కట్టడం ఆపి లేచాడు. షెడ్డులోకి తొంగి చూశాడు. కోయాల్సిన గుడ్డ దండెం మీద ఆరుతోంది. ప్యాక్ చేసినవి గోడవారన వరసగా ఉన్నాయి. ఖాలా సూది కింద గుడ్డ తిప్పి, అంచు మలుపు దగ్గర నెమ్మదించి, మళ్లీ కాలు ఆడించింది.

"నడవకుంటె ఇస్తనన్న సేటూ," అన్నాడు చాచా. "నడుస్తాంది."

"మరి నా బస్తాలు?"

"రావల్కోల్ల మా తమ్ముని కొట్టం ఖాళీగున్నది. నేనొచ్చి మాట్లాడిస్త, పా." చెప్పులు వేసుకుని ఆటో ఎక్కబోతూ ఆగి, నా వైపు తిరిగాడు. "గా బస్సోనికి గూడ జెప్పిరా పో. మజీదా రాదు. ఆమెకు డ్యూటీ ఉన్నదని జెప్పు."

పరుగెత్తి చెప్పి వచ్చాను. బస్సు వెళ్లిపోయింది. వచ్చేసరికి బుచ్చమ్మ మోకాలు చాపుకుని చాయ్ తాగుతోంది. ఖాలా కొంగుతో కళ్లు ఒత్తుకుని, నేను చూశానని తెలిసి, వెంటనే గొంతు పెంచింది.

"ఏంరా, గట్ల నిలబడ్డవేంది? ఇయ్యాల కొత్తగ ఎవలేమడిగిండ్రో సదువు."

ఫోన్ తీశాను. "'ఇద్దరే తినే చిన్న దస్తర్‌ఖాన్,'" చదివాను. "నలుగురు, ఖాలా. దస్తర్‌ఖాన్ అని పేరుతోటే అడిగిండ్రు."

"ఇద్దరికా?" అంటూ ఖాలా టేపు అందుకుంది. "బుచ్చమ్మా, గా నీలం గుడ్డ ఇటియ్యి."